దేజా వూ అంటే ఏమిటని అడిగారు కదా

నాన్నగారికి,

మీ పిట్ట నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమం అని రాయబోయి ఆగాను. ఉత్తరం రాగానే అమ్మ ముందు మిమ్మల్ని ఆ మాటే అడుగుతుంది కాబట్టి ఇలా రాస్తున్నాను: లేచి తిరుగుతున్నాను, పనికి వెళ్తున్నాను, వేళకు తింటున్నాను. మీరిద్దరూ బాగుండాలని ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ కోరుకుంటూనే ఉన్నాను.

ముందుగా ఒక మాట. ఇది మీరొక్కరే చదవండి, పూర్తిగా చదివేదాకా వ్యాన్ తాళం చేతిలోకి తీసుకోకండి. బడికి ఇంకా సెలవులే కాబట్టి పిల్లలెవరూ ఎక్కరని తెలుసు. అయినా మీరు ఊరుకోరు. కడగడానికని షెడ్డులోంచి తీస్తారు. గాలి పట్టించడానికని బంకు దాకా వెళ్తారు. అది కూడా వద్దు. ఎందుకో రాస్తాను. నాకు ఏదీ ఒక్కసారిగా చెప్పడం రాదని మీకు తెలుసు. చిన్నప్పుడు జ్వరం వచ్చిందని చెప్పాలన్నా ముందు పక్కింటి కుక్క సంగతి ఎత్తుకునేదాన్ని.

మీ ప్రశ్నలకు జవాబులు. గది మారలేదు. కిటికీ రెక్క సరిగా పడటం లేదని రాశాను కదా, ఇంటావిడ సందులో మడత పెట్టిన కాగితం ఇరికించింది. వాన కొడితే అది తడిసి రాలిపోతుంది, ఆవిడ ఇంకొకటి ఇరికిస్తుంది. ఇద్దరం దాన్ని మరమ్మతు అనే పిలుచుకుంటున్నాం. అమ్మ అల్లిన స్వెటరు సరిపోయింది. చేతులు కొంచెం పొడుగు, మడిచి వేసుకుంటున్నాను. స్టూడియోలో ఎవరితోనైనా మాట్లాడుతున్నావా అని అడిగారు. మాట్లాడుతున్నాను. రోజంతా మాట్లాడటమే నా పని. కాకపోతే అవన్నీ వేరేవాళ్ల మాటలు.

ఇక మీ అసలు ప్రశ్న. మీ ఉత్తరం నా ముందే ఉంది. అందులో రాసింది మళ్లీ మీకే చూపిస్తున్నాను, ఎందుకంటే రాసేటప్పుడు మీరు దాన్ని సరిగా చూసుకోలేదని నా అనుమానం.

"పిట్టా, సెలవులకు ముందు పిల్లలు వ్యాన్‌లో ఒకటే పాట పాడి నా ప్రాణం తీశారు. దేజా వూ, దేజా వూ అని. ఏమిటర్రా అది అంటే, ఇప్పుడు జరిగేది ముందే జరిగినట్టు అనిపించడం అంకుల్ అన్నారు. నాకు నవ్వొచ్చింది. అది నాకు ఎప్పటినుంచో ఉంది కదా! ఈమధ్య వంతెన ఎక్కుతుంటే ఎక్కువగా వస్తోంది. ఇదంతా ఒకసారి అయిపోయినట్టు ఉంటుంది. కడుపులో ఏదో పైకి లేస్తుంది, ఊయల ఎక్కినట్టు. తర్వాత చూసుకుంటే వంతెన దాటేసి ఉంటాను. దానికి ఒక పేరుందని తెలిసి సంతోషించాను. ఆ మాట అసలు ఎక్కడిది, నువ్వు కాన్వెంటులో ఫ్రెంచి చదివావు కదా, చెప్పు."

చెప్తాను. అది ఫ్రెంచి మాటే. దేజా అంటే ఇప్పటికే, వూ అంటే చూసినది. ఇప్పటికే చూసేసినది అని. మాకు ఫ్రెంచి చెప్పిన సిస్టర్ ఆ చివరి అక్షరం కోసం క్లాసు మొత్తాన్నీ నిలబెట్టేది. ఈల వేస్తున్నట్టు పెదవులు పెట్టి లోపల ఈ అనండి, అనేది. వెనక వరుసలో నిజంగానే ఈలలు వినిపించేవి. ఇప్పుడు ఎవరూ అలా పలకరు, పలకనక్కర్లేదు. ఆ మాట ఫ్రెంచివాళ్ల చెయ్యి జారి చాలాకాలమైంది. మా వీధి చివర కాఫీ దుకాణానికి ఆ పేరు పెట్టారు. ఒక అత్తరు సీసా మీద ఉంది. బస్సులో నా ముందు నిలబడ్డ అబ్బాయి చొక్కా వీపు మీద ఒకసారి, దాని కింద మళ్లీ ఒకసారి అచ్చువేసి ఉంది. చూసి నవ్వుకోవాలి కాబోలు.

మేము డబ్బింగ్ చేసే సీరియళ్లలో అయితే ఉప్పు లేకుండా వంట ఉండనట్టు, ఆ మాట లేకుండా కథ ఉండదు. హీరోయిన్ తెలియని ఇంట్లో అడుగు పెడుతుంది, గోడ మీద పటం చూస్తుంది, కళ్లు పెద్దవి చేసి దేజా వూ అంటుంది. అంటే గత జన్మలో ఆ ఇల్లు ఆమెదే. హీరో వంకాయరంగు కోటు వేసుకుని మెట్లు దిగుతాడు, ఆమె మళ్లీ అంటుంది. అంటే అతడూ ఆమెవాడే. హాస్యగాడు రెండో చెంపదెబ్బ తిన్నప్పుడు అంటాడు. ఎవరు అన్నా వెనక వీణలాంటిదేదో మోగుతుంది. ఆ మాట అన్నవాళ్లకు తర్వాత మేలే జరుగుతుంది. పెళ్లో, ఆస్తో, పోయిన చెల్లెలో దొరుకుతుంది. మీ వ్యాన్‌లో పిల్లలకు ఆ పాట అందుకే అంత ఇష్టం నాన్నా. వాళ్లు విన్నదంతా అలాంటిదే. నేనూ మొన్నటిదాకా అలాంటిదే విన్నాను, చదివాను.

నా పని ఎలా ఉంటుందో మీకు వివరంగా ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అది తెలియాలి. వేరే భాష సీరియల్‌ని చిన్నచిన్న ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క తెర మీద మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది, మన మాట ఆ పెదవుల మీద కూర్చునేదాకా. అసలు ఆర్టిస్టులు రాకముందు ఎవరో ఒకరు మాటలన్నీ చదివి కొలత సరిపోయిందో లేదో చూడాలి. దాన్ని మేము ముడి గొంతు అంటాం. అది నాది. మెత్తటి గోడల గది, చెవుల మీద హెడ్‌ఫోన్లు, ఎదురుగా అద్దం, అద్దం అవతల సౌండు చూసే అన్నయ్య. ఎర్ర దీపం వెలిగితే చదవడం, ఆరితే ఆపడం. నాలాంటి దానికి ఇంతకంటే మంచి ఉద్యోగం లేదు. నా ముఖం ఎవరూ చూడరు.

ఆ గదిలోనే నాకు మొదలైంది.

భయపడకండి అని రాయలేను, ఎందుకంటే నేను భయపడుతున్నాను. చదవండి, అంతే.

ఒక ముక్క చదువుతుండగా కడుపులోంచి ఏదో లేచింది. ఊయల అని మీరు రాసిన మాట అందుకే మళ్లీ మళ్లీ చదివాను. అది లేస్తుండగా గది, అద్దం, కాగితం అంచు, అంతా ఇంతకుముందు అయిపోయినదే అనిపించింది. తర్వాత ఎవరు ఏమంటారో కూడా నాకు తెలుసనిపించింది. వైరు కాలిన వాసన వేసింది. బయటికొచ్చి చెప్తే అందరూ నవ్వారు.

"ఒకే సీనుని పొద్దుణ్నుంచి తిప్పి తిప్పి చూస్తే ముందే చూసినట్టు కాక ఎలా ఉంటుందమ్మా," అన్నారు డబ్బింగ్ నడిపించే మాస్టారు. "నాకైతే ఇంటికెళ్లి తలుపు కొట్టినా అలాగే ఉంటుంది. లోపల్నుంచి ఏమని వినిపిస్తుందో ముందే తెలుసు."

హీరోయిన్‌కి గొంతు ఇచ్చే అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. "పోయిన జన్మలో నువ్వు ఇక్కడే పని చేశావే. అప్పుడూ జీతం పెంచలేదు, చూడు."

నేనూ నవ్వాను. మాస్టారు చెప్పింది సరైన కారణమే అనుకున్నాను. మా పని అలాంటిది మరి, నిజంగానే అన్నీ ముందే చూసినవే. ఇంట్లో నల్లా దగ్గర అదే మళ్లీ వచ్చినప్పుడు కూడా పని తలకెక్కింది అనుకున్నాను. వైరు వాసన వేస్తే ఇంటావిడను పిలిచాను. ఆవిడ ప్లగ్గులన్నీ ముక్కుతో చూసి వచ్చి, "నీ ముక్కు మార్పించుకో," అంది.

ఆ తర్వాత ఒక రోజు మధ్యాహ్నం సౌండు అన్నయ్య అద్దం వెనకనుంచి వేలితో పిలిచాడు. "అమ్మాయ్, ఇది ఒకసారి విను. గొడవేం లేదు. విను, అంతే."

పొద్దున నేను చదివిన ముక్క అది. పటం ముందు నిలబడి హీరోయిన్ పలికే మాటలు. నా గొంతు మొదలైంది. వాక్యం సగంలో ఆగిపోయింది. తెర మీద హీరో తన భాషలో ఏదో అడుగుతున్నాడు, జవాబు లేదు. మళ్లీ అడిగాడు, లేదు. ఆ ఖాళీలో ఒక చప్పుడు. పెదవులు తడిగా చప్పరిస్తున్న చప్పుడు, ఏదో రుచి చూస్తున్నట్టు. దాంతోపాటు కాగితాన్ని వేళ్లు రుద్దుతున్న చప్పుడు. తర్వాత నా గొంతు ఏమీ కానట్టు కింద వాక్యం అందుకుంది.

"నేను మొత్తం చదివాను కదా," అన్నాను.

"చదవలేదు."

"చదివాను అన్నయ్యా. నాకు గుర్తుంది."

అతడు హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకున్నాడు. "ఆటలాడుతున్నావేమో అనుకున్నా. అద్దంలోంచి చెయ్యి ఊపాను. నువ్వు నావైపే చూస్తున్నావు. చూస్తున్నావు కానీ..." అని ఆగి, "టీ తెస్తాను, కూర్చో," అన్నాడు.

నాన్నా, మైకు ముందు ఎన్నో గొంతులు విన్నాను. దెయ్యాలకు కూడా నేనే ముడి గొంతు ఇచ్చాను. నా ఊపిరి వినిపిస్తూ, అందులో నేను లేకపోవడం మాత్రం ఎప్పుడూ వినలేదు.

మర్నాడు అక్క నన్ను చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. తలకు వైర్లు అంటించి పరీక్ష చేశారు. డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. ముందే చూసినట్టు అనిపించడం అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఉంటుందట, దానికి భయపడనక్కర్లేదట. మాటిమాటికీ ఒకేలా వచ్చి, కడుపులో లేచి, లేని వాసన వేసి, వెంటనే మనిషి కాసేపు లేకుండా పోతే మాత్రం అది మూర్ఛలో ఒక రకమట. కిందపడి కొట్టుకోవడమే మూర్ఛ అనుకుంటాం కానీ, నిలబడి కళ్లు తెరుచుకుని ఉన్న మనిషికి కూడా వస్తుందట. "మీకు వచ్చేది అదే," అంది. మాత్రలు రాసింది. చాలామందికి వీటితో అదుపులోకి వస్తుందని చెప్పింది. స్నానాల గది గడియ పెట్టుకోవద్దు, ఎత్తైన చోట అంచున నిలబడవద్దు, బండి నడపవద్దు అంది. నాకు సైకిలు కూడా రాదు అంటే నవ్వింది.

తర్వాత అడిగింది, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదండీ," అన్నాను.

ఇదంతా మీకు రాయకూడదనే అనుకున్నాను. మాత్రలు వేసుకుని, తగ్గాక, సెలవుకు వచ్చినప్పుడు నవ్వుతూ చెప్పాలనుకున్నాను. గదికి వచ్చేసరికి తలుపు కింద మీ ఉత్తరం ఉంది. చెప్పులు కూడా విప్పకుండా చదివాను. వంతెన అని రాసిన చోటికి వచ్చేసరికి కూర్చున్నాను.

దాటేసి ఉంటాను అని రాశారు. దాటాను అని రాయలేదు.

అప్పుడు మనింట్లో మాట గుర్తొచ్చింది. మీరు పేపరు చదువుతూనో, చెప్పులు వేసుకుంటూనో మధ్యలో ఆగిపోతారు. చొక్కా బొత్తాం వేళ్లతో రుద్దుతూ పెదవులు చప్పరిస్తారు. నేను ఏదైనా అడిగితే అమ్మ, "ఆగవే, మీ నాన్న స్టేషన్ మారుస్తున్నారు," అంటుంది. పాత రేడియోలో ముల్లు తిప్పినట్టు. మీరు తిరిగి వచ్చి, "ఏమంటున్నారు నా గురించి?" అంటారు. ముగ్గురం నవ్వేవాళ్లం. నేను పుట్టకముందునుంచీ ఆ మాట ఉంది కాబట్టి అది నాన్నల స్వభావమే అనుకున్నాను.

వ్యాన్ కూడా గుర్తొచ్చింది. నేను మీ వెనక సీట్లో పుస్తకంలో తల దూర్చి కూర్చునేదాన్ని. ఒకసారి సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ దీపం వెలిగింది, మీరు కదల్లేదు. వెనక లారీ హారన్ మోగిస్తోంది. ఎవరో పిల్ల "స్టాచ్యూ" అని అరిచింది. అందరూ గొల్లున నవ్వారు, అంకుల్ మనతో బొమ్మాట ఆడుతున్నాడని. మీరు కాసేపటికి, "ఏంటర్రా ఈ గోల?" అని బండి కదిలించారు. వాళ్లు స్టాచ్యూ అంకుల్ అని పేరు పెడితే మీరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత కావాలని కూడా ఆడారు. ఏది ఆటో, ఏది కాదో ఇప్పుడు మనలో ఎవరికీ తెలియదు. ఆ రోజు బండి ఆగి ఉంది. వంతెన మీద బండి నడుస్తోంది.

ఇక నేను ఇంతసేపూ దాస్తూ వచ్చింది. పోయిన ఆదివారం ఫోను చేసింది మీకు ఇది చెప్పాలనే. "నాన్నా, ఒక సంగతి చెప్పాలి," అన్నాను. "దేజా వూ పిట్టా. ఈ ఫోను నువ్వు నిన్ననే చేశావు," అని మీరు నవ్వారు. నేను మాట కూడగట్టుకుంటున్నాను. మీరు, "బడి తెరిచే లోపు వ్యాన్‌కి కొత్త సీటు కవర్లు..." అన్నారు. ఆగిపోయారు.

నాన్నా, నాన్నా అని పిలిచాను. ఫోన్లోంచి చప్పరిస్తున్న చప్పుడు వచ్చింది. నేను స్టూడియోలో విన్నదే. వెనకనుంచి అమ్మ గొంతు, "ఎవరు ఫోన్లో? పిట్టేనా? ఆగమను, స్టేషన్ మారుస్తున్నారు."

తర్వాత మీరు వచ్చారు. "ఆఁ, ఏదో చెప్పాలన్నావు?"

"ఏం లేదు నాన్నా. కవర్లు ఏ రంగు?" అన్నాను.

నీలం అన్నారు. బాగుంటాయన్నాను. ఫోను పెట్టేశాక నోటికి స్వెటరు చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

అమ్మకు చెప్పవచ్చు. కానీ మీ సంగతి మీకంటే ముందు ఇంకొకరికి చెప్పడం నాకు చేతకాలేదు. డాక్టరమ్మకు మాత్రం మళ్లీ వెళ్లి, లేదన్నాను కానీ మా నాన్నకు ఉందేమో అన్నాను. "ఏం చేస్తారాయన?" అంది. చెప్పాను. ఆమె కలం కింద పెట్టింది. "ముందు బండి ఆపించండి. పరీక్ష తర్వాత," అంది. పేరున్న జబ్బే, మందులున్న జబ్బే అని కూడా అంది. అది మీరు గట్టిగా పట్టుకోండి, నేనూ దాన్నే పట్టుకుని ఉన్నాను.

నేను పొరబడి ఉండవచ్చు. పొరబడితే మీరు నన్ను జీవితాంతం ఏడిపించండి, సీరియళ్లు చూసి తల చెడింది అనండి, పడతాను. కానీ పరీక్ష అయ్యేదాకా ఆ సీట్లో కూర్చోవద్దు. వ్యాన్ మీద ఇంతవరకు గీత పడనివ్వని మనిషి మీరు. పిల్లలు మీ బొమ్మ వేసి ఇస్తే అద్దం పక్కన అంటించుకుంటారు. ఆ సీటు మిమ్మల్ని వదలమనడం నాకెలా ఉందో రాయలేను. మీకెలా ఉంటుందో ఊహించడానికి కూడా భయంగా ఉంది.

ఇంకొకటి రాయాలి. ఇది రాయడానికే నాకు ఎక్కువ భయం. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌కి మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే బడి తెరిచే ముందు రోజు నేను చెప్తాను. నా గొంతు మీకు తెలుసు, నలుగురిలో లేవదు. ఆ రోజు లేస్తుంది. తర్వాత మీరు నాతో మాట్లాడకపోయినా సరే. వెనక సీట్లో ఇప్పుడు ఇంకెవరో పిల్ల పుస్తకంలో తల దూర్చి కూర్చుని ఉంటుంది. ఆమెకు మీరంటే నాకున్నంత నమ్మకం.

మీరు ఒప్పుకోరని తెలుసు. "నాకా? నేను బాగానే ఉన్నా కదే," అంటారు. అది అబద్ధం కూడా కాదు. నేనూ చదివాననే అన్నాను.

అందుకే స్టూడియోలో రికార్డయిన ఆ ముక్కలోంచి, నా మాటలు లేకుండా ఆ చప్పుడు వరకే కోసి ఇమ్మని సౌండు అన్నయ్యను అడిగి తీసుకున్నాను. ఉత్తరం అందిందని మీరు అనగానే అమ్మ ఫోనుకు పంపుతాను. ఇద్దరూ కూర్చుని వినండి. మీకు ఆ చప్పుడు కొత్తగా ఉంటుంది. దాన్ని మీరు ఇంతవరకు వినలేదు నాన్నా, అది వినిపించేటప్పుడు మీరు అక్కడ ఉండరు. కాబట్టి మీరు ఫోను వైపు చూడకండి. అమ్మ ముఖం వైపు చూడండి. అది నాదని అమ్మకు చెప్పకండి. ఎవరిదనుకుంటుందో చూడండి.

తర్వాత తాళం అమ్మ చేతికి ఇవ్వండి.

నేను క్షేమం. ఉత్తరం అందిందని మీ నుంచి మాట వచ్చేదాకా ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.

ఇట్లు,
మీ వెనక సీట్లో పెరిగిన కూతురు,
పిట్ట